లండన్, వాషింగ్టన్, సింగపూర్ చిత్రశాలలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పిల్లల దగ్గరికని, టూరని విదేశాలకు వెళ్తున్న మన సరిహద్దు జిల్లాల పాఠకులు ఈసారి ఎక్కువగా చిత్రశాలల గురించి అడిగారు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఒకే రకం ప్రశ్నలను కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి లండన్‌లో చదువుతున్నాడు. డిసెంబరు చివర్లో నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. నేషనల్ గ్యాలరీకి ఒక రోజంతా పెట్టుకోమంటున్నాడు. ఒక వెబ్‌సైట్‌లో టికెట్లు అమ్ముతున్నారు. ఇక్కడే కొనేసుకోమంటారా? (బరంపురం)

జవాబు: కొనకండి. లండన్ నేషనల్ గ్యాలరీలో శాశ్వత ప్రదర్శనకు ప్రవేశం ఉచితం. బయటి వెబ్‌సైట్లు టికెట్ పేరుతో అమ్మేది గైడు రుసుము. గైడు కావాలనుకుంటే అది వేరే సంగతి. ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రం డబ్బు కట్టాలి, అదీ గ్యాలరీ సొంత సైటులోనే తీసుకోండి. ఉచిత ప్రవేశానికి కూడా సమయం బుక్ చేసుకునే వీలుంది. చేసుకోకపోయినా రానిస్తారు, సెలవు రోజుల్లో క్యూ కాస్త పెరుగుతుందంతే.

తేదీలు జాగ్రత్తగా చూసుకోండి. డిసెంబరు 24, 25, 26 తేదీల్లోనూ, జనవరి 1నా గ్యాలరీ మూసేస్తారు. మిగతా రోజుల్లో ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు, శుక్రవారం మాత్రం రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది. మీకు అసలైన వేళ ఆ శుక్రవారం సాయంత్రమే. బడిపిల్లల గుంపులు వెళ్లిపోతాయి, టూరిస్టులు భోజనాలకు బయల్దేరతారు. క్రిస్మస్ సెలవుల్లో పగటిపూట పేరున్న బొమ్మల ముందు నిలబడటమంటే ఠాకురాణి అమ్మవారి యాత్ర రోజుల్లో మన బరంపురం పాతబస్తీలో నడవడమే.

రోజంతా పెట్టుకోవద్దు. రెండువేలకు పైగా చిత్రాలున్న చోటది, 1824లో 38 చిత్రాలతో మొదలైంది. అన్నీ చూడాలని బయల్దేరితే రెండు గంటలకే కాళ్లు లాగుతాయి, మూడో గంటకు బొమ్మలన్నీ ఒకేలా కనిపిస్తాయి. ప్రవేశం ఉచితం కాబట్టి గంటన్నర చొప్పున రెండుసార్లు వెళ్లండి. ఒక్కోసారికి ఏడెనిమిది చిత్రాలు ముందే ఎంచుకోండి. ఎంచుకున్న ప్రతి చిత్రం పేజీ గ్యాలరీ సైటులో ఉంటుంది, అందులో గది నంబరు ఉంటుంది. వెళ్లే ముందురోజు రాత్రి దాన్ని ఇంకోసారి చూడండి. చిత్రాలను వేరే ఊళ్లకు అరువిస్తారు, మరమ్మతుకు దింపుతారు, గదులు మారుస్తారు. ‘ప్రదర్శనలో లేదు’ అని ఉంటే వేరేది ఎంచుకోవచ్చు. చాలామంది ఈ పని చేయరు, అక్కడికెళ్లి ఖాళీ గోడ చూసి ఉసూరుమంటారు.

వెళ్లడం తేలిక. హీత్రూ నుంచి వచ్చే పికడిల్లీ లైను మీద లెస్టర్ స్క్వేర్‌లో దిగితే నడిచేంత దూరమే. చేరింగ్ క్రాస్ స్టేషన్ ఇంకా దగ్గర. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో స్తంభాలున్న పెద్ద మెట్ల దారి చూసి అటు వెళ్లకండి. గ్యాలరీకి ఎదురుగా నిలబడితే ఎడమ చేతివైపు కనిపించే సెయిన్స్‌బరీ వింగ్ 2025 మేలో బాగుచేసి మళ్లీ తెరిచారు, ప్రధాన ప్రవేశం ఇప్పుడదే. ఇంకో తికమక కూడా ఉంది. వెనకవైపు ఆనుకునే నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ ఉంది, అది వేరే సంస్థ. అందులో రాజుల, రచయితల ముఖచిత్రాలుంటాయి. టాక్సీ డ్రైవరుకు పూర్తి పేరు చెప్పండి.

ప్రశ్న: బ్యాగులో పులిహోర, మంచినీళ్ల సీసా, షుగరు మందులు పెట్టుకోవచ్చా? చిన్నపిల్లకు పాలు? (పర్లాకిమిడి)

జవాబు: లండన్‌లో నీళ్ల సీసా కుదరదు. 2022 అక్టోబరులో వాన్ గోహ్ పొద్దుతిరుగుడు పూల చిత్రం మీద ఆందోళనకారులు టొమాటో సూప్ పోశారు. పైన అద్దం ఉండబట్టి బొమ్మకు ఏమీ కాలేదు గానీ, అలాంటివి మళ్లీ జరగడంతో 2024 అక్టోబరు నుంచి ద్రవపదార్థాలేవీ లోపలికి రానివ్వడం లేదు. పసిపిల్లల పాలకు, డాక్టరు రాసిన మందులకు మినహాయింపు ఉంది. ఇన్సులిన్ లాంటివైతే పేరున్న ప్రిస్క్రిప్షన్ కాపీ ఇంగ్లిష్‌లో ఉన్నది దగ్గర పెట్టుకోండి. కొబ్బరినూనె సీసా, పచ్చడి సీసా, సెంటు బ్యాగు అడుగున మర్చిపోయి తీసుకెళ్తే గుమ్మం దగ్గరే పక్కన పెట్టించేస్తారు, తిరిగి దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. నీళ్లు తాగేసి ఖాళీ సీసాతో వెళ్లండి.

పులిహోర గదుల్లో తినకూడదు, బయట ట్రఫాల్గర్ స్క్వేర్ మెట్ల మీద కూర్చుని తినండి, ఎవరూ ఏమీ అనరు. పావురాలు మాత్రం వదలవు.

పెద్ద బ్యాగులు ఎక్కడా రానివ్వరు. విమానాశ్రయానికి వెళ్లే దారిలో సూట్‌కేసుతో గ్యాలరీ చూద్దామనుకోవడం వృథా. వీపు సంచి ఉంటే గదుల్లో ముందుకు వేసుకోవాలి, చిత్రాల ముందు వెనక్కి తిరిగినప్పుడు తగులుతుందని గార్డులు చెప్పి వేయిస్తారు. భుజానికి వేసుకునే చిన్న సంచి ఒక్కటి చాలు.

సింగపూర్ వెళ్లేవారికి ఒక మాట, గ్యాలరీతో దీనికి సంబంధం లేకపోయినా చెప్పాలి. గుట్కా, ఖైనీ, జర్దా ఆ దేశంలోకి తేవడమే నేరం. ప్యాకెట్ తెరవలేదనో, సొంతానికేననో చెప్తే ఒప్పుకోరు. చూయింగ్ గమ్ కూడా ఇంట్లోనే వదిలెయ్యండి. మనవైపు జేబులో ఖైనీ డబ్బా లేని పెద్దమనిషి అరుదు కాబట్టి, బయల్దేరే ముందు ఇంట్లో అందరి జేబులూ ఒకసారి తడిమి చూడండి.

ప్రశ్న: నేను డ్రాయింగ్ మాస్టారిని. పిల్లలకు సవర బొమ్మలు నేర్పుతాను. లండన్ వెళ్లే అవకాశం వచ్చింది. అచ్చు పుస్తకాల్లో కనపడనిది, దగ్గరగా చూస్తేనే తెలిసేది ఏముంటుంది? అక్కడ కూర్చుని గీసుకోనిస్తారా? (గుణుపురం)

జవాబు: పెన్సిలుతో, చిన్న స్కెచ్ పుస్తకంలో గీసుకోవచ్చు. సిరా, రంగులు, బొగ్గుపుల్లలు వద్దు. నేల మీద పడితే మరక, గాలిలో లేస్తే దుమ్ము. దారికి అడ్డంగా కూర్చోకండి.

మీరు మొదలు పెట్టాల్సింది సెయిన్స్‌బరీ వింగ్ పై అంతస్తులో ఉన్న పాత ఇటలీ చిత్రాలతో. అందరూ వాన్ గోహ్ కోసం పరిగెత్తుతారు కాబట్టి ఇక్కడ రద్దీ తక్కువ. ఇవి గుడ్డుసొనలో కలిపిన రంగులతో చెక్కపలక మీద వేసినవి. పలకకు తెల్లని సున్నపుపూత లాంటిది పలు పొరలు పూసి నున్నగా గీకుతారు. బంగారం రావాల్సిన చోట మెత్తటి ఎర్రమన్ను పూసి, దానిపై రేకు అతికించి, నునుపురాయితోనో జంతువు పంటితోనో రుద్ది మెరిపిస్తారు. ఏడు వందల ఏళ్లు గడిచాక అంచుల దగ్గర బంగారం అరిగి ఆ ఎర్రమన్ను బయటపడుతుంది. పక్కకు జరిగి, తల కాస్త వంచి, వెలుతురు ఏటవాలుగా పడేలా చూస్తేనే ఆ ఎరుపు కనిపిస్తుంది. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో ఇడితాల్ (సవర గోడబొమ్మ) వేయించే మీకు ఈ రెండు ఎరుపుల పని వేరని చూడగానే తెలుస్తుంది. మన గోడ మీద ఎరుపు కనపడాలి, అక్కడ అది బంగారం కింద దాక్కుని దానికి వెచ్చదనం ఇవ్వాలి.

అదే గదుల్లో కొన్ని ముఖాలు పచ్చగా, పాలిపోయినట్టు ఉంటాయి. రోగులు కారు. చర్మపు రంగుకు అడుగున ఆకుపచ్చ మన్నురంగు వేసి పైన గులాబీ రంగు సన్నని గీతలుగా కప్పడం అప్పటి పద్ధతి. పై రంగు వెలిసిపోయో, పాతకాలంలో గట్టిగా తుడవడం వల్ల అరిగిపోయో, అడుగు పచ్చ బయటికి వచ్చింది. 1308–11 మధ్య సియెనా చర్చికి దూచో వేసిన పెద్ద బలిపీఠం ముక్కలు కొన్ని ఇక్కడున్నాయి, వాటి దగ్గర నిలబడి కంటి కింద భాగం చూడండి. కుంచె దెబ్బ ఒక్కొక్కటీ విడివిడిగా, ముఖం గుండ్రం తిరిగిన దారినే తిరుగుతుంది. గుడ్డుసొన వెంటనే ఆరిపోతుంది, తడిలో తడి కలపడం కుదరదు. అందుకే గీతలతోనే నీడలు తెచ్చారు. దీన్ని చూశాక నూనె రంగుల గదుల్లోకి వెళ్తే, నెమ్మదిగా ఆరే నూనె చిత్రకారుడికి ఎంత వెసులుబాటు ఇచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

నూనె రంగుకు వాన్ ఐక్ 1434లో వేసిన ఆర్నోల్ఫినీ దంపతుల చిత్రం చూడండి. కేవలం 82 సెంటీమీటర్ల ఎత్తు, దాటిపోయేవాళ్లే ఎక్కువ. వెనక గోడకున్న గుండ్రటి ఉబ్బెత్తు అద్దంలో ఆ గదంతా వెనక నుంచి చూసినట్టు కనిపిస్తుంది, గుమ్మంలో ఇంకో ఇద్దరు నిలబడి ఉంటారు. అద్దం చట్రం చుట్టూ బొటనవేలి గోరంత పది వలయాల్లో క్రీస్తు కడపటి రోజుల ఘట్టాలు వేశాడు. కళ్లజోడు మర్చిపోవద్దు.

హాల్బైన్ 1533లో వేసిన ‘రాయబారులు’ నిలువెత్తు బొమ్మ, రెండు మీటర్ల పైమాటే. ఇద్దరు మనుషుల పాదాల మధ్య నేల మీద సాగదీసిన తెల్లటి ఆకారం ఒకటి అడ్డంగా పడి ఉంటుంది. ఎదురుగా నిలబడి ఎంతసేపు చూసినా అర్థం కాదు. చిత్రానికి కుడిపక్కకు వెళ్లి, గోడకు దగ్గరగా నిలబడి ఏటవాలుగా చూడండి, కపాలం తేలుతుంది. మెల్లగా ఎడమకు జరుగుతూ వస్తే ఎక్కడ విరిగిపోతుందో చూసి స్కెచ్ పుస్తకంలో ఆ కోణం గుర్తు పెట్టుకోండి. బల్ల కింది అరలో ఉన్న వీణ లాంటి వాయిద్యానికి ఒక తీగ తెగి ఉంటుంది, ఎడమ పైమూల పచ్చ తెర చాటున శిలువ సగమే కనిపిస్తుంది. ఇవి రెండూ పుస్తకంలో చూసినవాళ్లకు తప్పిపోతాయి.

చివరగా వాన్ గోహ్ పొద్దుతిరుగుడు పూలు. ఎదురుగా జనం ఫోన్లు ఎత్తి ఉంటారు, మీరు పక్కకు వెళ్లి చూడండి. రంగు ఎంత మందంగా ఎత్తిపెట్టాడో అంచునుంచే తెలుస్తుంది. 1888 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో వేసిందిది. పసుపు మీద పసుపు వేసి బొమ్మ ఎలా తేలుస్తారని మీ పిల్లలు అడిగితే, గోడ పసుపు, కుండీ పసుపు, రేకల పసుపు వేర్వేరు కుంచె దెబ్బలతో వేశాడని చెప్పండి.

ప్రశ్న: అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. చెల్లెలు వర్జీనియాలో ఉంటుంది. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ అమ్మ చూడగలదా? (రాయగడ)

జవాబు: తీసుకెళ్లండి. నడక తక్కువ చేసుకునే వీలు అక్కడ బాగుంది. ప్రవేశం ఉచితం, టైము టికెట్టు కూడా అక్కర్లేదు. పక్కనే ఉన్న కొన్ని స్మిత్‌సోనియన్ మ్యూజియాలకు మాత్రం ఉచితమే అయినా ముందుగా పాసు తీసుకోవాలి. రెంటినీ కలిపేసుకుని కంగారు పడతారు. చక్రాల కుర్చీలు ఉచితంగా ఇస్తారు, ముందొచ్చినవాళ్లకు ముందు. అందుకని ఉదయం 10కి తెరవగానే చేరండి. సాయంత్రం 5కి మూస్తారు. డిసెంబరు 25, జనవరి 1 సెలవు. అమెరికా కేంద్ర ప్రభుత్వం బడ్జెట్ కుదరక మూతపడిన రోజుల్లో ఈ గ్యాలరీ కూడా మూసేస్తారు, వార్తల్లో ‘షట్‌డౌన్’ అని వస్తుంటే బయల్దేరే ముందు కనుక్కోండి.

పచ్చిక మైదానం వైపు పాలరాతి మెట్లు చాలా ఉంటాయి. అటు కాకుండా 6వ వీధి వైపు ద్వారం నుంచి రండి. మెట్రోలో వస్తే ఆర్కైవ్స్ స్టేషన్ దగ్గర.

భవనాలు రెండు. పాత చిత్రాలు 1941లో తెరిచిన వెస్ట్ బిల్డింగ్‌లో, ఆధునికం 1978లో తెరిచిన ఈస్ట్ బిల్డింగ్‌లో. రెంటినీ కలుపుతూ భూమికింద కదిలే నడకదారి ఉంది. అమ్మగారు నిలబడితే చాలు, అదే తీసుకెళ్తుంది. సొరంగమంతా వేలాది దీపాలు మెరుస్తూ ఆరుతూ ఉంటాయి, అదీ ఒక కళాఖండమే.

అమ్మగారికి ఒక్కటే చూపించాల్సి వస్తే వెస్ట్ బిల్డింగ్ మెయిన్ ఫ్లోర్‌లో లియొనార్డో డావించీ వేసిన జినెవ్రా దె బెంచీ చిత్రం చూపించండి. అమెరికా ఖండాలు రెంటిలోనూ జనం చూడగలిగిన డావించీ తైలచిత్రం ఇదొక్కటే. పలకను గోడకు కొట్టకుండా గది మధ్యలో నిలబెట్టారు. చాలామంది ముందు ఫొటో తీసుకుని వెళ్లిపోతారు, మీరు చిత్రం వెనకవైపుకు నడవండి. వెనకవైపు కూడా ఆయనే ఆకుల తోరణం ఒకటి వేశాడు. మధ్యలో ఉన్న జునిపర్ కొమ్మకు ఇటాలియన్‌లో ఉన్న పేరు ఆ అమ్మాయి పేరుకు దగ్గర, అందుకే పెట్టాడు.

ప్రశ్న: విశాఖ నుంచి సింగపూర్ నాలుగు రోజుల ప్యాకేజీ తీసుకున్నాం. పిల్లలకు పన్నెండు, తొమ్మిది. ఏజెంటు గ్యాలరీ దండగ అంటున్నాడు. (జయపురం)

జవాబు: ప్యాకేజీలో లేనిది ఏజెంటుకు ఎప్పుడూ దండగే. అయితే ఇక్కడ ప్రవేశం ఉచితం కాదు, సింగపూర్ పౌరులకూ శాశ్వత నివాసులకూ మాత్రమే ఉచితం. విదేశీయులు టికెట్ కొనాలి కాబట్టి ఒక్కసారే వెళ్తారు, మూడు గంటలు పెట్టుకోండి. ఎండ మండే మధ్యాహ్నం మంచి వేళ. లోపల చలి, పిల్లలకు ఫుల్‌చేతుల చొక్కాలు తీసుకెళ్లండి. బొమ్మలు పాడవకుండా ఏడాది పొడుగునా ఒకే చల్లదనం, ఒకే తేమ ఉంచుతారు. బయటికి రాగానే ఫోను కెమెరా మీద ఆవిరి పడుతుంది, తుడవకుండా అయిదు నిమిషాలు ఆగితే అదే పోతుంది.

ఇది 2015 నవంబరులో తెరిచిన గ్యాలరీ. 1929 నాటి సిటీ హాల్‌నూ 1939 నాటి సుప్రీంకోర్టునూ కలిపి కట్టారు. పిల్లలకు బొమ్మలకన్నా ముందు కోర్టు నచ్చుతుంది. ముద్దాయిలను ఉంచిన చిన్న కొట్లు, బోను ఇప్పటికీ అలాగే ఉంచారు. 1945 సెప్టెంబరు 12న జపాన్ సేన లొంగిపోయింది సిటీ హాల్‌లోనే. రెండు భవనాల మధ్య వంతెనలు, లిఫ్టులు చాలా ఉన్నాయి, అంతస్తు ఒకటే అయినా పక్క భవనంలో తేలతారు. విడిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి.

చిత్రాల్లో రెండు చాలు. జావా చిత్రకారుడు రాదెన్ సాలే 1849లో వేసిన ‘అడవి మంటలు’ మూడు మీటర్ల ఎత్తు, దాదాపు నాలుగు మీటర్ల వెడల్పు. మంటలు తరిమితే పులులు, దున్నలు కొండకొమ్ముకు చేరి ఎటూ పోలేక నిలబడ్డాయి. చిన్నవాణ్ణి ఎన్ని జంతువులున్నాయో లెక్కపెట్టమనండి. రెండోది చువా మియా టీ 1959లో వేసిన ‘జాతీయ భాషా తరగతి’. గుండ్రటి బల్ల చుట్టూ కూర్చున్న చైనా కుర్రకారు మలయ్ నేర్చుకుంటున్నారు, నల్లబల్ల మీద ‘నీ పేరేమిటి, ఎక్కడుంటావు’ అని మలయ్‌లో ఉంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ట్యూషన్‌లో ఇంగ్లిష్ నడిపే జయపురం పిల్లలకు దీని మీద వ్యాఖ్యానం అక్కర్లేదు.

స్టేషన్ పేరు సిటీ హాల్, చాంగీ విమానాశ్రయం నుంచి తనా మేరాలో మారితే గ్రీన్ లైను నేరుగా వస్తుంది. స్టాంఫర్డ్ రోడ్డులో ఉన్న నేషనల్ మ్యూజియం వేరు. సింగపూర్ చేరడానికి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపే ఎరైవల్ కార్డు ఉచితం, డబ్బు అడిగే సైటు ప్రభుత్వానిది కాదు. కార్డు వీసా కాదు, వీసా విడిగా తీసుకోవాలి.

ప్రశ్న: ఫ్లాష్ వేస్తే ఏమవుతుంది? (ఛత్రపురం)

జవాబు: మొదట గార్డు కోప్పడతాడు. వెలుతురు రంగును తినేస్తుంది, ఆ నష్టం తిరిగి రాదు. అందుకే కాగితం మీద వేసిన బొమ్మల గదుల్లో వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) చుట్టుపక్కలే ఉంచుతారు. లోపలికి వెళ్లగానే చీకటిగా ఉందని తిరిగొచ్చేయకండి, రెండు నిమిషాల్లో కళ్లు అలవాటు పడతాయి. ఫ్లాష్ లేకుండా మీ కోసం ఫొటోలు తీసుకోవచ్చు. అరువు తెచ్చిన చిత్రాల దగ్గర అది కూడా వద్దని రాసి ఉండొచ్చు. సెల్ఫీ కర్రలు, స్టాండ్లు వద్దు.

ప్రశ్న: లండన్ నేషనల్ గ్యాలరీలో మన దేశపు చిత్రాలు ఎక్కడుంటాయి? (బరంపురం)

జవాబు: ఉండవు. అది పశ్చిమ యూరప్ చిత్రాల గ్యాలరీ, 13వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం మొదలు వరకు. మన వాటి కోసం ఇరవై నిమిషాలు నడిచి బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లాలి. అదీ ఉచితమే. 33ఎ గదిలో అమరావతి స్తూపం శిల్పాలున్నాయి. కాలిన్ మెకంజీ 1798లో ఆ స్థలం చూశాడు, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు, మద్రాసు మీదుగా లండన్ చేరి 1880లో ఈ మ్యూజియంలో కలిశాయి. పల్నాటి సున్నపురాయి, అద్దాల గదిలో వాతావరణం అదుపులో ఉంచారు. అద్దం మీద మీ నీడ పడకుండా ఫొటో తీయాలంటే ఫోనును అద్దానికి ఆనించి పట్టుకోండి. ఒక పలకకు రెండువైపులా చెక్కడం ఉంది. మొదటి వైపు క్రీస్తుకు పూర్వానిది, రెండో వైపు మూడు నాలుగు వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి చెక్కింది. రెండు వైపులా మనుషుల నిలుపు, నగలు పోల్చి చూడండి.

పక్కన 33వ గదిలో ఒడిశా గుడి శిల్పాలు కూడా ఉన్నాయి. చార్లెస్ స్టూవర్ట్ అనే కంపెనీ సైనికాధికారి పోగేసినవి, 1872లో అక్కడికి చేరాయి. అవి ఏ గుడివో ఫలకం మీద రాసి ఉంటే ఫొటో తీసుకోండి, ఇంటికొచ్చాక చూద్దామంటే గుర్తుండదు. ఫలకాలన్నీ ఇంగ్లిష్‌లోనే. ఫోను అనువాద యాప్‌లో తెలుగు భాషను ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా కెమెరా పెట్టి చదువుకోవచ్చు. మనుషుల పేర్లను మాత్రం అది చిత్రంగా మారుస్తుంది, పేరు వరకు ఇంగ్లిష్‌లోనే చూడండి.

ప్రశ్న: పోస్టర్ తెచ్చుకుంటే మా ఊరి గాలికి నిలుస్తుందా? (గోపాలపురం)

జవాబు: కాగితం గొట్టంలో చుట్టిచ్చేది అడిగి తీసుకోండి, రబ్బరు బ్యాండు వేయొద్దు, అచ్చు పడుతుంది. ఇంటికొచ్చాక రోజుల తరబడి గొట్టంలో ఉంచకుండా తీసి, పైన పుస్తకాలు పెట్టి చదును చేయండి. ఫ్రేము కట్టేటప్పుడు అద్దానికి కాగితం ఆనకుండా మధ్యలో మందమైన అట్ట చట్రం పెట్టించండి. ఆనితే వానాకాలం తేమకు అద్దానికి అతుక్కుని, విడదీస్తే రంగు ఊడుతుంది. సముద్రం వైపు గోడకు, చెమ్మ దిగే గోడకు వేలాడదీయకండి. ఫ్రేము వెనక కింది మూలల్లో రెండు బెరడు (కార్క్) బిళ్లలు అతికిస్తే గోడకూ దానికీ మధ్య గాలి ఆడుతుంది.